ఎమ్మెల్యే లేని చోట ఎనిమిదిసార్లు ఎంపీ

పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ సిక్కోలు మనిషికి ఎమ్మెల్యే ఉండడు. రేషన్ కార్డు రాకపోయినా, మేనల్లుడి బదిలీ ఆగిపోయినా, వీధి కుళాయి ఎండిపోయినా మన దగ్గర ముందుగా తట్టేది ఎమ్మెల్యే తలుపే. అండమాన్ నికోబార్ దీవుల్లో ఆ తలుపే లేదు. అసెంబ్లీ లేదు, ముఖ్యమంత్రి లేడు, మంత్రివర్గం లేదు. కింద పంచాయతీ ప్రధాన్, జిల్లా పరిషత్ సభ్యుడు, పట్నంలో అయితే మున్సిపల్ కౌన్సిలర్ ఉంటారు. పైన ఢిల్లీ పంపిన లెఫ్టినెంట్ గవర్నర్, ఆయన చుట్టూ సెక్రటేరియట్. ఈ రెండింటి మధ్య దీవుల జనమంతా ఓటేసి పంపే మనిషి ఒక్కడే, లోక్‌సభ సభ్యుడు.

ఆ ఒక్క కుర్చీలో మనోరంజన్ భక్త ఎనిమిదిసార్లు కూర్చున్నారు. 1939లో పుట్టారు, 2015లో కన్నుమూశారు. 1977 నుంచి 1999 దాకా వరసగా ఏడుసార్లు, అయిదేళ్ల విరామం తరవాత 2004లో మరోసారి గెలిచారు. మొత్తం 27 ఏళ్లు. మన వైపు ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. కేంద్రంలో మంత్రి కాలేదు, పెద్ద ఉపన్యాసకుడన్న పేరూ దేశానికి తెలియదు. అయినా ప్రాంతీయ రాజకీయమనే చేతిపని ఎలా ఉంటుందో చూడాలంటే నేను ముందు ఈయన్నే చూపిస్తాను. పనిముట్లు లేకుండా పని చెయ్యాల్సివచ్చిన మనిషి కాబట్టి.

పనిముట్లు లేవనడం ఊరికే అనడం లేదు. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ఈ దీవులు ‘డి’ విభాగంలోని భూభాగం, 1956 నుంచి కేంద్రపాలిత ప్రాంతం. రాజ్యాంగం 240వ అధికరణం ప్రకారం ఇక్కడి శాంతి, ప్రగతి, సుపరిపాలనల కోసం రాష్ట్రపతి నేరుగా రెగ్యులేషన్లు జారీ చెయ్యవచ్చు. వాటికి పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. ఆదిమ తెగల రక్షణకు 1956లో వచ్చినదీ, భూమి శిస్తు, భూసంస్కరణలకు 1966లో వచ్చినదీ, పంచాయతీలకూ మున్సిపాలిటీకీ 1994లో వచ్చినవీ అన్నీ ఇలాంటి రెగ్యులేషన్లే. అంటే దీవుల రైతు పొలానికి ఆధారమైన శాసనం మీద ఆ రైతు ఎన్నుకున్న ఒకే ఒక్క ప్రతినిధికి చెయ్యెత్తి ఓటేసే సందర్భమే రాలేదు. బీహార్ బొగ్గు మీద, బొంబాయి పత్తి మీద ఓటు వెయ్యగలడు. మాయాబందర్ వరిచేను మీద మాత్రం వెయ్యలేడు.

బయటి దేశాలు చూస్తే ఈ లోటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. జర్మనీలో బ్రెమెన్ అనే నగర రాజ్యం ఉంది. జనం సుమారు ఏడు లక్షలే. దానికి సొంత శాసనసభ ఉంది, అందులో ఎనభైకి పైగా సభ్యులు. అక్కడి ప్రాంతీయ నాయకుడు బడి సిలబస్ మీదా, పోలీసుల జీతాల మీదా సభలో ఓటేసి ఇంటికి వెళతాడు. ఫిన్లాండ్‌కు చెందిన ఆలాండ్ దీవుల పోలిక మరీ దగ్గరిది. అక్కడ జనం ముప్ఫై వేలు. హెల్సింకీలోని 200 మంది సభకు వాళ్లూ ఒక్కడినే పంపుతారు, సరిగ్గా అండమాన్ లాగే. అయితే ఇంటి దగ్గర 30 మందితో సొంత సభ ఉంది కాబట్టి ఆ ఒక్కడి మీద అంత బరువు పడదు. 2011 లెక్కల్లో 3,80,581 మంది ఉన్న అండమాన్ నికోబార్‌కు ఆ ఏర్పాటు లేదు. పుదుచ్చేరికి ఇచ్చారు, ఇక్కడికి ఇవ్వలేదు. అసెంబ్లీ కావాలన్న కోరిక దీవుల్లో దశాబ్దాల నాటిది, ఇంకా కోరికగానే ఉంది.

భక్తకు ముందు ఈ కుర్చీకి పావుశతాబ్దం చరిత్ర ఉంది. అందులో మొదటి పేరును దాటి వెళ్లడం నాకు ఇష్టం లేదు. 1952లో తొలి లోక్‌సభకు దీవుల ప్రతినిధిని ఎన్నుకోలేదు, రాష్ట్రపతి నియమించారు. ఆ నియమితుడు బిషప్ జాన్ రిచర్డ్‌సన్. కార్ నికోబార్‌లో ముస్ గ్రామానికి చెందిన నికోబారీ. కుర్రవాడిగా బర్మా వెళ్లి మిషన్ బడిలో చదువుకుని, తిరిగొచ్చి బడిపంతులయ్యాడు. బైబిల్ కొత్త నిబంధనను తన వాళ్ల భాషలోకి తెచ్చాడు. యుద్ధకాలంలో జపాను ఆక్రమణ కింద జరిగిన ఘోరాల్లోంచి బతికి బయటపడ్డాడు. పద్మశ్రీ, తరవాత పద్మభూషణ్ అందుకున్నాడు. కార్ నికోబార్ ఆస్పత్రికి ఈనాటికీ ఆయన పేరే. ఓటు అడగాల్సిన అవసరం లేకుండా సభకు వెళ్లినా, దీవుల నుంచి వెళ్లే మనిషి ముందు దీవి మనిషై ఉండాలన్న మర్యాదను మొదటే స్థిరపరిచినవాడు. తరవాతి రెండు సభలకూ నియామకాలే. లచ్మన్ సింగ్, నిరంజన్ లాల్ వెళ్లారు.

దీవుల జనం తమ ఎంపీని తామే ఎన్నుకున్నది 1967లో. మద్రాసు, ఆంధ్ర ఓటర్లు అప్పటికే మూడు సాధారణ ఎన్నికలు చూసేశారు. వీళ్లకు అదే మొదటిది. గెలిచినవారు కె.ఆర్. గణేశ్. 1971లో మళ్లీ గెలిచి, ఇందిరాగాంధీ ప్రభుత్వంలో ఆర్థికశాఖ సహాయమంత్రి అయ్యారు. స్మగ్లర్ల మీద కఠినంగా వెళ్లిన మంత్రిగా అప్పటి పత్రికలు చదివినవాళ్లకు గుర్తుంటారు. 1977 ఫిబ్రవరిలో జగ్జీవన్ రామ్, బహుగుణ, నందినీ సత్పతి కాంగ్రెస్‌ను వీడి బయటికొచ్చినప్పుడు వాళ్లతో పాటు వచ్చిన కొద్దిమందిలో గణేశ్ కూడా ఒకరు.

అలా ఖాళీ అయిన చోటికి కాంగ్రెస్ అభ్యర్థిగా భక్త వచ్చారు. వచ్చిన సమయం చూడండి. ఎమర్జెన్సీని సడలించి జరిపిన ఎన్నిక అది. ఉత్తరాదిలో కాంగ్రెస్ ఊడ్చుకుపోయింది, సాక్షాత్తూ ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో ఓడిపోయారు. పాత ఎంపీ, మాజీ మంత్రి, పార్టీ వదిలి వెళ్లిపోయాడు. ఆ గాలిలో నలభై నిండని కొత్తమనిషి నెగ్గాడు. మనకిది వింతగా అనిపించకపోవచ్చు. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే తప్పించుకున్నారు. సరదాకు లెక్క వేస్తే ఇంకో సంగతి తేలింది. భక్త గెలిచిన ఎనిమిది ఎన్నికల్లో ఒక్క 1984 తప్ప ప్రతిసారీ ఆంధ్రప్రదేశ్‌లోనూ కాంగ్రెస్‌దే పైచేయి. 1984లో మనం ఎన్టీఆర్ వెంట నడిచాం, వాళ్లు నడవలేదు. బంగాళాఖాతానికి రెండు గట్ల మీదా ఒకే గాలి వీచిందంటే నేను నమ్మను గానీ, పోలిక మాత్రం అలా కుదిరింది.

ఆ ఎనిమిది గెలుపులను ఇంకోలా విడదీస్తే ఆయన పనితనం అసలు తీరు తెలుస్తుంది. 1980, 1984, 1991, 2004లలో గెలిచి సభకు వెళ్లేసరికి ఢిల్లీలో సొంత ప్రభుత్వం ఉంది. 1977, 1989, 1996, 1998లలో గెలిచి వెళ్లేసరికి ప్రభుత్వం వేరేవాళ్లది. సరిగ్గా నాలుగూ నాలుగూ. ఎమ్మెల్యేలు లేని, నిధుల మీద పట్టు లేని, లెఫ్టినెంట్ గవర్నర్‌ను కేంద్ర హోంశాఖే పంపే చోట ప్రతిపక్ష ఎంపీ చేతిలో ఏముంటుంది? అధికారపార్టీ ఎంపీకైనా హోంమంత్రితో మాట్లాడగలిగే చనువు ఉంటుంది. ప్రతిపక్షంలో అదీ పోతుంది. అలాంటి స్థితిలో జనం ఒకసారి ఓపిక పడతారు, రెండోసారి అడుగుతారు. 1989 నుంచి 1998 దాకా తొమ్మిదేళ్లలో నాలుగు ఎన్నికలొచ్చాయి. నాలుగింట మూడుసార్లు ఆయన ఖాళీ చేతులతోనే ఢిల్లీ నుంచి తిరిగి వచ్చారు. అయినా నెగ్గారు. ‘మన ప్రభుత్వం లేదు కాబట్టి పని కాలేదు’ అనే సాకును ఓటరు అన్నిసార్లు ఒప్పుకోడు. ప్రభుత్వం లేకున్నా ఏదో ఒక పని జరుగుతోందని వాళ్లకు కనిపించి ఉండాలి.

ఏం పని? అది అర్థం కావాలంటే ముందు ఓటరు ఎవరో తెలియాలి.

దీవుల జనాభాలో బెంగాలీ మాట్లాడేవాళ్లు నూటికి 28 మంది. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులను ఓడల్లో తెచ్చి, అడవి కొట్టించి, పొలాలిచ్చి కూర్చోబెట్టారు. వాళ్లను, వాళ్ల పిల్లలను ఇక్కడ సెట్లర్లంటారు. హిందీ వాళ్లు 19 మంది, తమిళులు 15, తెలుగువాళ్లు 13, ఆ తరవాత నికోబారీలు, మలయాళీలు. ఇవి భాషల లెక్కలు మాత్రమే. వీటి కింద ఇంకో పొర ఉంది. కాలాపానీ ఖైదీల సంతానం, 1942కు ముందునుంచీ ఉన్న ‘లోకల్’ కుటుంబాలు. మలబారు తిరుగుబాటు తరవాత వచ్చిన మోప్లాలు. బర్మా నుంచి మిషనరీలు తెచ్చిన కరెన్‌లు. అడవి పనికి ఛోటానాగపూర్ నుంచి వచ్చి ‘రాంచీ’లనే పేరు పడ్డ ఆదివాసీలు. ఉత్తరప్రదేశ్ నుంచి నేరస్థ తెగ ముద్ర వేసి తోలుకొచ్చిన భాంతులు. 1969 నుంచి గ్రేట్ నికోబార్ కాంప్‌బెల్ బేలో భూములిచ్చి దింపిన మాజీ సైనికులు. కట్చల్ రబ్బరు తోటలకు శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళులు.

భక్త బెంగాలీ. నూటికి ఇరవై ఎనిమిది ఓట్లతో పంచాయతీ గెలవవచ్చేమోగానీ ఈ సీటు గెలవలేరు. ఆ ఇరవై ఎనిమిదీ ఒక్కచోటే పడవు కూడా. పైగా బెంగాలీ అభ్యర్థి బెంగాలీలను గట్టిగా పట్టుకుంటే మిగిలిన డెబ్బై రెండు మందీ జారుకుంటారు. ఇక్కడే ఆయన పనిలోని నేర్పు. సొంత జనాన్ని వదలకూడదు, వాళ్ల మనిషిగా మాత్రమే కనిపించనూ కూడదు. ఇరవై రెండేళ్లు ఏకధాటిగా ఈ తూకం నిలిచింది. మనవాళ్లలో దీర్ఘకాలం సభలో ఉన్నవారంటే ఎన్.జి. రంగా గారు గుర్తొస్తారు. ఆయన శ్రీకాకుళం, గుంటూరు అంటూ నియోజకవర్గాలు మారారు, పార్టీలూ మారారు. దీవుల నాయకుడికి మారడానికి ఇంకో సీటు లేదు. ఓడితే ఇంటికే.

పోర్ట్ బ్లెయిర్ హిందీ ఒకటుంది. మెయిన్‌ల్యాండ్ వ్యాకరణానికి లొంగదు, లింగాలను పెద్దగా పట్టించుకోదు, అందరి నోటికీ సరిపోతుంది. అబర్డీన్ బజారులో తమిళ దుకాణదారు తెలుగు మేస్త్రీతో బేరమాడేది అందులోనే. ఇక్కడి రాజకీయం కూడా ఆ భాషలోనే నడుస్తుంది. ఏ నాయకుడైనా తన మాతృభాషను ఇంట్లో వదిలి జెట్టీ మీదికి రావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ప్రాంతీయ రాజకీయమంటే మాతృభాషను గుండెకు హత్తుకుని నడిచేదనే మన అలవాటు దృష్టికి ఇది పూర్తిగా తిరగేసిన పద్ధతి. సొంత భాషలో గర్జించి గెలిచిన నాయకులను మనం చాలామందిని చూశాం. ఎవరి భాషా కాని భాషలో మెల్లిగా మాట్లాడి గెలవడం నా దృష్టిలో అంతకన్నా కష్టమైన విద్య.

ఇక భూగోళం. ఉత్తరాన లాండ్‌ఫాల్ దీవి నుంచి దక్షిణాన ఇందిరా పాయింట్ దాకా ఏడువందల కిలోమీటర్ల పైమాటే. 8,249 చదరపు కిలోమీటర్లలో ఎక్కువభాగం అడవి. జనం ఉన్న దీవులు ముప్ఫై చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఎంపీకి సగటున ఇరవై లక్షల జనం. అండమాన్ ఎంపీకి అందులో ఐదోవంతు. ‘అయితే సుఖమే’ అనుకుంటే పొరపాటు. మన ఎంపీ కారెక్కి రాత్రికి నియోజకవర్గం ఆ చివర దిగగలడు. పోర్ట్ బ్లెయిర్ ఎంపీ కాంప్‌బెల్ బే వెళ్లాలంటే ఓడ కుదరాలి, సముద్రం కుదరాలి. వానాకాలంలో పడవలు రద్దయితే మందులు, ఉత్తరాలు, ఓటర్లు, నాయకులు అందరూ కలిసి ఆగిపోతారు.

అందుకే ఇక్కడ అన్ని సమస్యలూ చివరికి ఓడ దగ్గరికే చేరతాయి. విశాఖపట్నం, చెన్నై, కలకత్తా నుంచి ఓడ ప్రయాణం రెండున్నర, మూడు రోజులు. ఊళ్లో తండ్రి పోయాడని కబురొస్తే జంగ్లీఘాట్ బెస్తవాడికి విమానం టికెట్టు అందదు, ఓడకు తేదీ లేదు. దీవుల మధ్య తిరిగే పడవల్లో సీట్లు, మెయిన్‌ల్యాండ్ ఓడల్లో బంకులు, దీవివాసులకు ఛార్జీల్లో రాయితీ, ఆస్పత్రి కేసులకు ముందు చోటు. మన రాజకీయంలో పింఛనుకూ ఇంటిస్థలానికీ ఉన్న స్థానం అక్కడ వీటిది. ఇవేవీ ఎంపీ సంతకంతో వచ్చేవి కావు. షిప్పింగ్ డైరెక్టరేట్ అధికారి సంతకం కావాలి, దాని వెనక హోంశాఖ అనుమతి, దాని వెనక ఆర్థికశాఖ. మొత్తం వృత్తి అంతా ఇతరుల కలాలు కదిలించడం. భక్త 27 ఏళ్లు చేసింది అదే.

ఆ కదిలించడానికి ఉన్న సాధనాలు ఏమిటో చూద్దాం. లోక్‌సభ ప్రశ్నోత్తరాల్లో రోజుకు 20 ప్రశ్నలను మంత్రుల నోటి జవాబుకు, మరో 230ని రాత జవాబుకు ఎంపిక చేస్తారు. పేపర్లలో పడేవి మొదటి రకం. దీవుల ఎంపీకి పనికొచ్చేవి రెండో రకమని నా అభిప్రాయం. రాతపూర్వకమైన జవాబు కోసం ఢిల్లీ నుంచి పోర్ట్ బ్లెయిర్ సెక్రటేరియట్‌కు ఫైలు వస్తుంది. ఆ బడికి పంతులు ఎందుకు లేడు, ఆ ఓడ రిపేరు ఎన్నాళ్లుగా నడుస్తోంది అని అధికారి కాగితం మీద రాసి పంపాలి. ఎమ్మెల్యే ఫోన్ చేసి తిట్టే చోట్ల ఈ బాధ లేదు. అసెంబ్లీ లేనిచోట అధికారిని జవాబుదారీ చేసే ఏకైక పరీక్ష ఈ కాగితమే. ఓసారి సభ ముందు పెట్టిన జవాబును తరవాత వచ్చే అధికారి కాదనలేడు. 377వ నిబంధన కింద ఏదైనా స్థానిక విషయాన్ని సభ దృష్టికి తెచ్చినా అంతే. రికార్డు మిగులుతుంది. హోంశాఖ పద్దుల మీద చర్చ ఇంకో అవకాశం, ఎందుకంటే కేంద్రపాలిత ప్రాంతాల డబ్బు అక్కడే ఉంటుంది. ఐదువందల మందికి పైగా ఉన్న సభలో ఒక్క గొంతు ఇన్ని దారులను ఓపికగా వాడుకుంటూ పోవాలి.

సొంత ప్రభుత్వం ఉన్న రోజుల్లో దారి వేరే. 1986లో రాజీవ్‌గాంధీ హయాంలో దీవుల అభివృద్ధి కోసం ప్రధానమంత్రి అధ్యక్షతన ఐలండ్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. అండమాన్‌నూ లక్షద్వీప్‌నూ నేరుగా ప్రధాని బల్ల మీదికి చేర్చిన ఏర్పాటది. భక్త అప్పుడు అధికారపక్షం ఎంపీ. దీవులకు అంతకుముందు ఎన్నడూ లేని దగ్గరి దారి దొరికిన కాలం అది. 1982లో చీఫ్ కమిషనర్ పోయి లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చారు. సలహా ఇవ్వడానికి ప్రదేశ్ కౌన్సిల్ అనే ఏర్పాటు కొన్నాళ్లు నడిచింది. సలహా ఇవ్వగలదు, ఆజ్ఞ ఇవ్వలేదు.

1993 డిసెంబరులో పీవీ నరసింహారావు ప్రభుత్వం ఎంపీ నిధుల పథకం తెచ్చినప్పుడు దేశంలో చాలామందికి అది అదనపు చిల్లర. భక్తకు మాత్రం ఎంపీగా పదహారేళ్ల తరవాత, ఫలానా చోట ఇది కట్టండి అని తన మాట మీద ఖర్చయ్యే మొదటి డబ్బు. నరసాపురం ఎంపీకీ, అండమాన్ ఎంపీకీ ఇచ్చేది ఒకే మొత్తం. జనం ఐదోవంతే కాబట్టి తలసరి లెక్కలో దీవులకు బాగా కలిసొచ్చింది. ఈ నిధుల పథకాన్ని దేశమంతటా తిట్టేవాళ్లలో నేనూ ఉన్నాను. ఎమ్మెల్యే లేని చోట మాత్రం నా విమర్శను పక్కన పెడతాను.

అన్నీ మెచ్చుకోళ్లే రాస్తే ఇది పరిచయం అనిపించుకోదు. దీవుల రాజకీయానికి అతి కష్టమైన చిక్కు భూమి. సెట్లర్ల కుటుంబాలు పెరిగాయి, ఇచ్చిన పొలం పెరగలేదు. పక్కనే అడవి. కొట్టుకుని కూర్చున్నారు. వాళ్లు ఓటర్లు. 1978కి ముందరి ఆక్రమణలను క్రమబద్ధం చెయ్యాలి, తరవాతివి తొలగించాలి అని ప్రభుత్వం ఒక గీత గీసింది. గీతకు ఆవల ఉన్నవాళ్లకు ఇళ్లు లేచాయి, పిల్లలు పుట్టారు, ఓటరు కార్డులొచ్చాయి. ఏ పార్టీ నాయకుడూ ఆ గీత వైపు నిలబడి ఎన్నిక గెలవలేడు. చివరికి 2002 మే 7న సుప్రీంకోర్టు, శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా చెట్లు కొట్టడం మీద, ఆక్రమణల మీద, జరావా తెగవాళ్ల అడవిలోంచి వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు మీద కఠినమైన ఆదేశాలిచ్చింది. అప్పుడు భక్త సభలో లేరు. ఉన్నా ఏం చేసేవారు? అప్పట్లో ఓటు లేని జరావాల తరఫున, ఓటున్న సెట్లరుకు ఎదురు మాట్లాడే నాయకుణ్ణి ఈ సీటు ఇంతవరకూ పంపలేదు. తప్పు ఒక్క మనిషిది కాదు. సీటు నిర్మాణంలోనే ఉంది. అందరినీ కలుపుకుపోయే నేర్పుకు ఉండే హద్దు ఇదే. కలవలేని వాళ్లు ఎవరి లెక్కలోకీ రారు.

1999లో ఆయన్ను ఓడించినది బీజేపీ అభ్యర్థి బిష్ణుపద రే. ఆయనా బెంగాలీయే. భక్త ఇరవై ఏళ్లుగా వాడిన తూకాన్నే ప్రత్యర్థి నేర్చుకుని వాడాడు. పనితనాన్ని మెచ్చుకునే పద్ధతుల్లో ఇదొకటి. 2004లో భక్త తిరిగి గెలిచారు, కేంద్రంలో కాంగ్రెస్ కూడా తిరిగి వచ్చింది. అరవై ఐదేళ్ల వయసులో, అనుభవమంతా పండాక, సొంత ప్రభుత్వంతో మొదలైన ఆ సభాకాలం ఆయనకు అన్నిటికంటే తేలికగా గడవాల్సింది.

డిసెంబరు 26న సునామీ వచ్చింది. దీవుల్లో మూడున్నర వేల మంది చనిపోయారు, లేదా గల్లంతయ్యారు. ఎక్కువమంది నికోబార్ దీవుల వాళ్లు. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయి లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది. పోర్ట్ బ్లెయిర్ పక్కనే సిప్పీఘాట్‌లో సెట్లర్ల వరిచేలలోకి సముద్రం వచ్చి తిరిగి వెళ్లలేదు. నేలే దిగిపోయింది కాబట్టి ఉప్పునీరు అక్కడే ఉండిపోయింది. మన దివిసీమ ఉప్పెన తరవాత నీళ్లు తీశాయి, పొలం మిగిలింది. ఇక్కడ పట్టా మిగిలింది, పొలం పోయింది. అలాంటి రైతుకు నష్టపరిహారం ఏ లెక్కన ఇవ్వాలన్నదే పెద్ద ప్రశ్న. రేకుల షెడ్లలో మొదలైన ఆశ్రయం దాదాపు 9,800 శాశ్వత గృహాలుగా మారడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో ఎక్కువభాగం భక్త చివరి సభాకాలంలోవే. జనం కోపం, ఢిల్లీ డబ్బు, స్వచ్ఛంద సంస్థల రద్దీ, అధికారుల ఆలస్యం అన్నీ ఒకేసారి ఒక్క కుర్చీ మీద పడ్డాయి. అలాంటప్పుడు ఎమ్మెల్యేలు పదిమంది ఉండి ఉంటే కోపం పదిచోట్లకు పంచుకుపోయేది. 2009లో కాంగ్రెస్ టికెట్ కుల్‌దీప్ రాయ్ శర్మకు వెళ్లింది. సీటు 2,990 ఓట్ల తేడాతో రేకు వెళ్లింది.

మనవాళ్ల సంగతి చెప్పకుండా తెలుగులో ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. 2011 లెక్కలో దీవుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు సుమారు 50 వేలు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన బెస్తలు, కూలీలు, మేస్త్రీలు, చిన్న వ్యాపారులు, వాళ్ల పిల్లలు, మనవలు. తెలుగు మీడియం సర్కారు బడులున్నాయి. ఎవరు గెలవాలన్నా ఈ 50 వేల మంది ఇళ్ల గుమ్మాలు తొక్కాల్సిందే. అయినా దీవుల్లో ఓబీసీలుగా గుర్తించిన వర్గాలు ఐదు: లోకల్ కుటుంబాలు, మోప్లాలు, భాంతులు, కరెన్‌లు, బెంగాలీ సెట్లర్లు. తెలుగు బెస్తలు, తమిళ కూలీలు ఆ పట్టికలో లేరు. అందరినీ కలుపుకున్న రాజకీయం వీళ్ల ఓటును కలుపుకుంది, పేరును కాదు. ఈ అసంతృప్తి తీరక, ఎక్కడో ఒకచోట బయటపడాల్సిందే.

నా ఊహలో అది బయటపడ్డ చోట్లలో మున్సిపాలిటీ ఒకటి. 2022 మార్చి ఎన్నికల్లో పోర్ట్ బ్లెయిర్ కౌన్సిల్ 24 వార్డుల్లో బీజేపీ, కాంగ్రెస్ చెరి పది గెలిస్తే తెలుగుదేశానికి రెండు వచ్చాయి. మిగిలినవి డీఎంకేకు ఒకటి, స్వతంత్రుడికి ఒకటి. రెండు సీట్ల పార్టీకి తూకం చేజిక్కింది. మరుసటి ఏడాది మార్చిలో బీజేపీ మద్దతుతో తెలుగుదేశం కౌన్సిలర్ ఎస్. సెల్వి చైర్‌పర్సన్ అయ్యారు. ఆంధ్ర పత్రికలు దాన్ని సముద్రం దాటిన పసుపు జెండాగా రాశాయి. నాకు మాత్రం అందులో భక్త పాఠం కనిపించింది. తక్కువ ఓట్లున్నవాడు ఇంకొకరితో కలవకుండా ఈ ఊళ్లో ఏ కుర్చీకీ చేరలేడు.

భక్త తరవాత ఈ సీటు ఎవరి దగ్గరా నిలకడగా లేదు. రే 2009, 2014లో గెలిచారు. 2019లో కుల్‌దీప్ రాయ్ శర్మ 1,407 ఓట్లతో లాక్కున్నారు. 2024లో రే మళ్లీ గెలిచారు, ఈసారి 24 వేల పైచిలుకు ఆధిక్యంతో. ఆ ఎన్నికలో గ్రేట్ నికోబార్ షోంపెన్ తెగవాళ్లు ఏడుగురు మొదటిసారి ఓటేశారు. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చింది. ఊరి పేరు మారింది. ఎమ్మెల్యే మాత్రం ఇంకా రాలేదు.

వరసగా ఏడుసార్లు అన్నది ఆ సీటులో మళ్లీ జరుగుతుందని నేను అనుకోను. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రకారు ఎవరికైనా రాజకీయాల మీద మనసుంటే ఒక మాట. 1977 నుంచి 2009 దాకా లోక్‌సభ చర్చలన్నీ పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఎవరైనా చదువుకునేలా ఉన్నాయి. అండమాన్ అనే మాట వెతికి, ఆ రాతపూర్వక జవాబులను తేదీల వారీగా ముందు పెట్టుకుని చదవండి. నాయకుల వెంట జెండా పట్టుకుని తిరగడం ఆ తరవాత మొదలుపెట్టవచ్చు.